కాపలాకా, తోడుకా?



కుక్కపిల్లను తెచ్చుకుందామన్న మాట ఇంట్లో మొదలైతే, అది తిరిగి తిరిగి రెండు పేర్ల దగ్గర ఆగుతుంది. ఒకటి ల్యాబ్రడార్, రెండోది జర్మన్ షెపర్డ్. ఈ రెండోదాన్ని పెద్దవాళ్లు ఇప్పటికీ ఆల్సేషియన్ అనే అంటారు. పిల్లలు ల్యాబ్ కావాలంటారు, ముద్దుగా ఉంటుందని. తండ్రి షెపర్డ్ అంటాడు, ఇంటికి కాపలా ఉంటుందని. నాయనమ్మ మాత్రం, పొద్దున్నే దాన్ని బయటికి తిప్పేదెవరని అడుగుతుంది. ఆ ప్రశ్నను ఎవరూ పట్టించుకోరు గానీ, అసలు ప్రశ్న అదే. ఏ జాతి గొప్పదన్న తగవు తీరేది కాదు. రెండూ తెలివైనవే, రెండూ యజమానిని ప్రాణంగా చూసుకునేవే. అయితే ఒక్కో జాతినీ మనుషులు ఒక్కో పని కోసం తరతరాలుగా ఏరి ఏరి పెంచారు. ఆ పనినో, దానికి దగ్గరగా ఉండే పనినో మన ఇల్లు దానికి ఇవ్వగలదా అన్నది చూసుకోవాలి. అలా చూస్తే, ఇవాళ మన పట్టణాల్లో ఉంటున్న ఎక్కువ కుటుంబాలకు ల్యాబ్రడారే తగినదని, జర్మన్ షెపర్డ్ కొద్ది ఇళ్లకే తగినదని నా అభిప్రాయం. అందుకు కారణాలు చెబుతాను. ఎదురయ్యే అభ్యంతరాలకూ జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందు జర్మన్ షెపర్డ్ సంగతి. 1899 ఏప్రిల్‌లో జర్మనీలోని కార్ల్స్‌రూయ పట్టణంలో కుక్కల ప్రదర్శన జరిగింది. అశ్వికదళంలో పనిచేసిన మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే అధికారి అక్కడ ఒక గొర్రెల కాపరి కుక్కను చూసి మెచ్చి కొనేశాడు. దాని పేరు మార్చి హోరాండ్ అని పెట్టుకున్నాడు. అదే నెలలో ఈ జాతి కోసం ఒక సంఘం స్థాపించి, వంశావళి పుస్తకంలో మొదటి నంబరు దానికే ఇచ్చాడు. ఇంతకూ ఆ కాపరి కుక్కలు చేసే పనేమిటి? మన వైపు మంద వెంట ఉండే కుక్క ముఖ్యంగా తోడేలునూ దొంగనూ కనిపెట్టుకుని ఉంటుంది. జర్మనీలో కంచెలు లేని పొలాల మధ్య, పైరు పక్కనే మందను మేపేవారు. గొర్రె పైరులో నోరు పెట్టకుండా కుక్క ఆ హద్దు వెంట ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పొద్దస్తమానం తిరుగుతూ ఉండాలి. అంటే అది కాళ్లున్న కంచె. గీత ఎక్కడుందో గుర్తుంచుకోవాలి, గీత దాటినదాన్ని వెనక్కి తోలాలి, కాపరి దూరంగా ఉంటే తన బుర్రతో తానే తేల్చుకోవాలి. మందలు తగ్గుతున్న కాలంలో స్టెఫానిట్జ్ ఇదే తెలివిని పోలీసులకూ సైన్యానికీ చూపించాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్‌లో జర్మన్ అనే మాటే గిట్టక దీన్ని ఆల్సేషియన్ అన్నారు. అక్కడి కెన్నెల్ క్లబ్ జర్మన్ షెపర్డ్ అనే పేరును మళ్లీ ఒప్పుకున్నది 1977లో. మన పెద్దవాళ్ల నోట పాత పేరు నిలిచిపోవడం అందుకే.

ల్యాబ్రడార్ కథ నీళ్ల దగ్గర మొదలవుతుంది. పేరుకు ల్యాబ్రడార్ గానీ, దాని అసలు చోటు కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దీవి. అక్కడి జాలరుల పడవల్లో సెయింట్ జాన్స్ కుక్కలని ఒక రకం ఉండేవి. గాలం నుంచి జారిపోయిన చేపను పట్టి తేవడం, వల తాడును నోట కరుచుకుని ఈదడం వాటి పని. 19వ శతాబ్దం తొలి రోజుల్లో చేపల ఓడలతో పాటు ఇవి ఇంగ్లండ్ చేరాయి. మామ్స్‌బరీ, బక్లూ ప్రభువుల కుటుంబాలు వీటిని బాతుల వేట కోసం పెంచాయి. 1903లో కెన్నెల్ క్లబ్ వీటిని ప్రత్యేక జాతిగా గుర్తించింది. ఆ వేటలో కుక్క పని ఎలా ఉంటుందో చూడండి. పక్కనే తుపాకీ పేలినా బెదరకుండా యజమాని కాళ్ల దగ్గర కూర్చోవాలి. చెప్పినప్పుడే లేవాలి. నీళ్లలో పడిన బాతును పన్ను దిగకుండా నోట పట్టి తెచ్చి చేతికివ్వాలి. వేటకు వచ్చిన కొత్తవాళ్లతోనూ, వాళ్ల కుక్కలతోనూ పేచీ పెట్టుకోకూడదు. ఈ పనిలో కాపలా కాయాల్సిన హద్దంటూ లేదు. మనిషి పక్కన ఉండడం, చెప్పినదాన్ని తెచ్చి ఇవ్వడం, దానికి మెప్పు పొందడం. అంతే.

ఇప్పుడు ఈ రెండు పనులనూ విజయవాడలోనో, కూకట్‌పల్లిలోనో మూడో అంతస్తు ఫ్లాటులోకి తెచ్చి పెట్టండి. ఆరింటికి పాలవాడు, ఏడింటికి పేపరు కుర్రాడు, ఎనిమిదింటికి పనిమనిషి, ఆ తర్వాత కొరియరు, గ్యాసు బండ, కూరగాయల ఆర్డరు, సాయంత్రం ఎదురింటి చుట్టాలు, రాత్రి లిఫ్టు దగ్గర పిల్లల కేకలు. గంట మోగితే ల్యాబ్ కూడా మొరుగుతుంది. కానీ తలుపు తీశాక చాలాసార్లు తోకతో పాటు నడుమంతా ఊపుకుంటూ, దారిలో దొరికిన చెప్పు ఒకటి నోట కరుచుకుని ఎదురువెళ్తుంది. ఆ చెప్పు బాతుకు బదులు అన్నమాట. సరైన శిక్షణ దొరకని షెపర్డ్ అయితే తరచు తలుపుకూ మనిషికీ మధ్యకు వచ్చి నిలబడుతుంది. చెవులు నిక్కించి, తోక కదపకుండా, వచ్చినవాడి చేతుల వైపే చూస్తుంది. దాని లెక్కలో ఇందాకటి నుంచి వచ్చినవాళ్లంతా గీత దాటినవాళ్లే. అది తప్పు చేయడం లేదు, తాతముత్తాతలు నేర్చిన పని చేస్తోంది. దొంగ వస్తే మొరగని కుక్కకు బదులు తాను ఓండ్ర పెట్టి, యజమాని చేత చావుదెబ్బలు తిన్న గాడిద కథ మనందరికీ తెలుసు. ఎవరి పని వాళ్లే చేయాలని ఆ కథ చెబుతుంది. ఫ్లాటులో షెపర్డ్ కష్టం ఇంకాస్త వింతది. పని దానిదే, చేసేదీ అదే, అయినా ఆ పని అక్కర్లేని ఇంట్లో పడినందుకు తిట్లూ దెబ్బలూ తింటుంది.

జాతికీ పనికీ ఉన్న ఈ సంబంధం ఎంత గట్టిదో తెలియాలంటే, కుక్కలతో పని చేయించుకునేవాళ్లు వేటిని ఎంచుకుంటున్నారో చూడాలి. చూపు లేనివారికి దారి చూపే కుక్కల బడి 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో మొదలైంది. యుద్ధంలో కళ్లు పోయిన సైనికుల కోసం పెట్టిన ఆ బడిలో షెపర్డ్‌లే ఉండేవి. 1928లో మారిస్ ఫ్రాంక్ అనే యువకుడు అమెరికాకు తెచ్చుకున్న బడ్డీ కూడా షెపర్డే. ఇవాళ ప్రపంచంలోని ఇలాంటి బడుల్లో ఎక్కువగా కనిపించేవి ల్యాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, ఆ రెండింటి సంకరాలు. దారి చూపే కుక్క పసితనంలో ఒక కుటుంబంలో, తర్వాత శిక్షకుడి దగ్గర, చివరికి చూపులేని మనిషి దగ్గర ఉండాలి. ఇన్ని చేతులు మారినా, రైల్వే స్టేషన్ లాంటి రద్దీలో ఎవరు తగిలినా పట్టించుకోని గుణం అక్కడ కావాలి. మన పోలీసు జాగిలాల దళాల్లో రెండు జాతులూ ఉన్నాయి. జనం మధ్య బాంబులు, మత్తుమందులు వాసన పట్టడానికి ల్యాబ్‌లను విరివిగా వాడతారు. జాడ పట్టడానికీ, కాపలాకూ షెపర్డ్‌ల వైపు చూస్తారు. అయితే ఒకటి గమనించాలి. మొయినాబాద్‌లోని తెలంగాణ పోలీసు జాగిలాల శిక్షణ కేంద్రంలో అయినా, గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో ఉన్న సరిహద్దు భద్రతా దళం కేంద్రంలో అయినా జాగిలానికి నెలల తరబడి శిక్షణ ఉంటుంది. దాని వెంట ఒక హ్యాండ్లర్ ఉంటాడు. దాన్ని చూసుకోవడమే ఆయన ఉద్యోగం. కవాతులో చూసి మనం మురిసిపోయే షెపర్డ్ వెనక ఒక మనిషి పూర్తి రోజు పని ఉంది. మనం సంతలో కొనగలిగేది పిల్లను మాత్రమే, ఆ మనిషి దానితో పాటు రాడు.

ఇక్కడ చదువుకున్న శ్రోత ఒకరు గట్టి అభ్యంతరం చెప్పవచ్చు. 2022లో సైన్స్ పత్రికలో అమెరికా శాస్త్రవేత్తల అధ్యయనం ఒకటి వచ్చింది. 18,000కు పైగా కుక్కల గురించి యజమానుల చేత ప్రశ్నపత్రాలు నింపించి, వాటిలో 2,000కు పైగా కుక్కల జన్యువులను పరిశీలించారు. కుక్కకూ కుక్కకూ మధ్య ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతమేనని తేల్చారు. మరి జాతిని బట్టి ఎంచుకోమనడం ఎంతవరకు సబబు? ఈ అభ్యంతరంలో నిజం ఉంది. షెపర్డ్ అంటే కోపిష్ఠి, ల్యాబ్ అంటే సాధువు అనే మాట నిలబడదు. ఎంత త్వరగా రెచ్చిపోతుందన్న విషయంలో జాతి పేరు దాదాపు ఏమీ చెప్పలేదని ఆ అధ్యయనమే అంటోంది. అదే అధ్యయనం ఇంకో సంగతీ చెప్పింది. మనిషి చెప్పిన మాటకు లోబడే గుణంలో జాతి తెలిస్తే అంచనా కొంత మెరుగవుతుందని. దానికి ముందు, 2008లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 30కి పైగా జాతుల మీద యజమానుల జవాబులు సేకరిస్తే, మనుషుల మీద, తోటి కుక్కల మీద దురుసుతనం తక్కువగా ఉన్న జాతుల్లో ల్యాబ్ ఒకటిగా తేలింది. అన్నిటికన్నా దురుసుగా తేలినవాటిలో షెపర్డ్ లేదు, బుజ్జి బుజ్జి చివావాలూ డాక్స్‌హుండ్‌లూ ఉన్నాయి. కాబట్టి స్వభావం సంగతి కొంత పక్కన పెడదాం. జాతి పేరు కచ్చితంగా చెప్పగలిగినవి వేరే ఉన్నాయి: దాని బరువు, బొచ్చు, ఆకలి, కీళ్లు, ఆయుష్షు. వాటితో పాటు, దాని వల్ల పొరపాటు జరిగితే ఆ పొరపాటు ఎంత పెద్దదన్నది కూడా.

ఆ లెక్కలో ల్యాబ్‌కు మార్కులన్నీ వేసేయడానికి వీల్లేదు. దానికున్న పెద్ద జబ్బు ఆకలి. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు ల్యాబ్‌లలో దాదాపు నాలుగో వంతు వాటికి ఒక జన్యువులో చిన్న ముక్క లోపించి ఉందని కనుగొన్నారు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగా అందించే జన్యువు అది. ఆ లోపం ఉన్న కుక్కకు భోజనానికీ భోజనానికీ మధ్య ఆకలి ఎక్కువ. ఊరికే పడుకున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తి కూడా తక్కువేనని అదే బృందం తర్వాత చూపించింది. మన ఇళ్లల్లో ఇది ఎలా నడుస్తుందో ఊహించుకోవచ్చు. తాతగారు టీలో ముంచిన బిస్కెట్టు పెడతారు, పిల్లలు ఇడ్లీ ముక్క జారవిడుస్తారు, వంటింట్లోంచి పెరుగన్నం వస్తుంది, ఆదివారం కోడికూర మిగులు. ఎవరికి వాళ్లు కొంచెమే పెట్టామనుకుంటారు. కుక్క మాత్రం అందరి దగ్గరా తింటుంది. అమెరికాలో 48 ల్యాబ్ పిల్లలను జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. ఆ ఫలితాలు 2002లో వచ్చాయి. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు. ప్రేమతో పెట్టే ఒక్క ముద్ద ఖరీదు ఇంత ఉంటుంది.

ఒళ్లు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి తూకం యంత్రం అక్కర్లేదు. రేడియో వింటూనే ఇప్పుడు చేసి చూడవచ్చు. ఎడమచేతిని బల్ల మీద బోర్లా పరిచి, కుడిచేతి వేళ్లతో దాని వీపు తడమండి. పలచని చర్మం కింద సన్నగా ఎముకలు తెలుస్తాయి. కుక్క పక్కటెముకలు తడిమితే అలా తెలియాలి. ఇప్పుడు పిడికిలి బిగించి కణుపుల మీద తడమండి. అంత గట్టిగా తగిలితే కుక్క చిక్కిపోయిందని గుర్తు. చివరగా చేతిని వెల్లకిలా తిప్పి బొటనవేలి కింద అరచేతి కండను నొక్కండి. పక్కటెముకల మీద అంత మెత్తగా ఉంటే తిండి తగ్గించాల్సిందే. ల్యాబ్‌ను ఎంచుకునే ఇల్లు నెలకోసారి ఈ పరీక్ష చేయాలి, తిండి పెట్టే బాధ్యత ఒక్కరికే అప్పగించాలి. ఆ ఆకలినే సద్వినియోగం చేసుకునే దారి కూడా ఉంది. దాని రోజు తిండిలోంచి పిడికెడు గింజలు తీసి జేబులో వేసుకుంటే, కూర్చో, ఆగు, రా అనే మాటలన్నీ వాటితోనే నేర్పవచ్చు. ఆ మాటకొస్తే, నేర్పడానికి సంతోషంగా ఒప్పుకునే విద్యార్థి దొరకడం కొత్తగా కుక్కను పెంచేవాళ్లకు పెద్ద వరం.

షెపర్డ్ విషయంలో కష్టం కీళ్ల దగ్గర వస్తుంది. తుంటి కీలు గిన్నెలో సరిగా కుదరకపోవడం రెండు జాతుల్లోనూ ఉన్న జబ్బే. షెపర్డ్‌లలో దీనికి తోడు వెన్నుపాము క్రమంగా దెబ్బతిని వెనక కాళ్లు పడిపోయే జబ్బు, క్లోమగ్రంథి జీర్ణరసాలు ఇవ్వలేక తిన్నది వంటబట్టని జబ్బు కూడా ఎక్కువగా కనిపిస్తాయి. ప్రదర్శనల కోసం వీపును వెనక్కి బాగా వాల్చి పెంచిన వంశాలను చూస్తే, ఆ కుక్క సగం కూర్చున్నట్టే నడుస్తుంది. అందమని మనం అనుకునేది దాని నడుముకు భారం. బ్రిటన్‌లో పశువైద్యశాలల రికార్డులు వేల సంఖ్యలో పరిశీలించినప్పుడు షెపర్డ్ మధ్యస్థ ఆయుష్షు 10.3 ఏళ్లు, ల్యాబ్ ది 12 ఏళ్లు అని తేలింది. పదేళ్ల వయసులో ముప్పై ఐదు కిలోల కుక్క లేవలేకపోతే, లిఫ్టు లేని ఇంట్లో దాన్ని మూడు అంతస్తులు మోసుకు దిగాల్సింది మనుషులే. ల్యాబ్ కూడా తేలికైనదేమీ కాదు, ముప్పై కిలోల పైమాటే. అందుకే లిఫ్టు ఉందా లేదా అన్న చిన్న ప్రశ్న కూడా ఈ ఎంపికలో భాగమే. ఇక బొచ్చంటారా, రెండిటికీ రెండు పొరల బొచ్చు ఉంటుంది, రెండూ ఏడాది పొడుగునా రాలుస్తాయి. చీపురుకు విశ్రాంతి ఇద్దామనుకునేవాళ్లు ఈ రెండింటిలో దేన్నీ తెచ్చుకోకూడదు.

రెండో అభ్యంతరం కాపలా గురించి. ల్యాబ్ దొంగకు కూడా తోక ఊపుతుంది, అలాంటిది ఎందుకు అంటారు. అది దొంగను పట్టుకుంటుందని నేనూ అనను. కానీ ఇంటి కుక్క నుంచి మనకు నిజంగా కావలసిన కాపలా ఏమిటి? గేటు చప్పుడైతే మొరిగి మనల్ని లేపడం. ఆ పని ల్యాబ్ గట్టిగానే చేస్తుంది. తలుపు వెనక నుంచి వినిపించే బొంగురు గొంతుకు జాతి పేరు రాసి ఉండదు. అంతకు మించి, మనిషిని నిలవేసే కాపలా కావాలంటే కుక్కకు ఎవరిని ఆపాలో, ఎవరిని వదలాలో, ఎప్పుడు విరమించాలో నేర్పాలి. అది నేర్పని కాపలా కుక్క తాళం లేని తుపాకీ లాంటిది. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో, ఆర్డరు అందించడానికి ఒక అపార్టుమెంటుకు వెళ్లిన యువకుడు ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ తరమడంతో మూడో అంతస్తు నుంచి పడి, ఆసుపత్రిలో చనిపోయాడు. కుక్క అతన్ని దొంగ అనుకుని ఉండవచ్చు, ఆటలాడి ఉండవచ్చు. అతనికి అది తెలిసే దారి లేదు. ఇదే తరమడం ఒక ల్యాబ్ చేయదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ మన గడపకు రోజూ వచ్చేది దొంగలు కాదు, కూలి కోసం మెట్లెక్కే మనుషులు. కుక్కను ఎంచుకునేటప్పుడు వాళ్ల భద్రత కూడా లెక్కలోకి రావాలి. జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా చూసుకోవడంలో అజాగ్రత్తగా ఉంటే, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, ఐదు వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని బోర్డు పెట్టినంత మాత్రాన ఆ బాధ్యత తీరిపోదు.

మూడో అభ్యంతరం ఎండ గురించి. ఒకటి మంచుదేశపు సముద్రం నుంచి, మరొకటి జర్మనీ నుంచి వచ్చింది. రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎండకు ఈ రెండూ ఎలా తాళుతాయి? ఇది న్యాయమైన ప్రశ్న. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దాని ఫ్యాను. ఈ విషయంలో ల్యాబ్‌కు పెద్ద ఆధిక్యం ఏమీ లేదు. నీళ్ల తొట్టి చూపిస్తే దూకుతుందన్న సుగుణం తప్ప. ఏ జాతి అయినా పొద్దెక్కకముందే, మళ్లీ పొద్దు వాలాకే తిప్పాలి. చేతి వీపును తారురోడ్డు మీద ఐదు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే, దాని పాదాలు కూడా ఆ వేడిని భరించలేవు. చల్లగా ఉంటుందని బొచ్చు గొరిగించడం మంచిది కాదు, ఆ పొరలే ఎండ నుంచి చర్మాన్ని కాపాడతాయి. మరి ఇంత తంటా ఎందుకు, మన ఎండకు అలవాటుపడ్డ ఊరకుక్క పిల్లను తెచ్చుకోవచ్చు కదా అంటే, ఆ మాటకు నా దగ్గర ఎదురు జవాబు లేదు. నిజమే. పలచని బొచ్చు, సన్నని ఒళ్లు, మన వాతావరణంలో తరాల తరబడి నిలదొక్కుకున్న ఒంటి తీరు దానివి. పసితనంలోనే తెచ్చి, టీకాలు వేయించి, మనుషుల మధ్య పెంచితే ఈ రెండు జాతులకూ అది ఏమాత్రం తీసిపోదు. గ్రామసింహమని మనం వేళాకోళంగా పెట్టిన పేరుకు అది నిజంగానే తగినది. జాతికుక్కే కావాలని తేల్చుకున్న ఇంటికే నా మిగతా వాదన వర్తిస్తుంది.

అలాగని షెపర్డ్‌ను ఎవరూ పెంచకూడదని కాదు. చేపల చెరువు గట్టు మీద కాపురం ఉండే కుటుంబానికి, మామిడితోటలో ఇల్లు కట్టుకున్నవారికి, చుట్టూ ప్రహరీ ఉండి రోజంతా ఒక పెద్ద మనిషి ఇంటి దగ్గరే ఉండే ఇంటికి అది చక్కని తోడు. గట్టు వెంట తిరగడం దాని తాతల నాటి పని. అక్కడ గీత నిజంగా ఉంటుంది, దాన్ని దాటేవాళ్లు తక్కువగా ఉంటారు. అయితే రోజుకు గంటన్నర దాకా నడకకూ ఆటకూ పోను, మరికొంత సేపు దాని బుర్రకు పని కల్పించాలి. పసితనంలోనే రకరకాల మనుషులను, చప్పుళ్లను, వాహనాలను పరిచయం చేయాలి. గొలుసుతో గేటుకు కట్టేస్తే మాత్రం ఆ తెలివంతా విసుగుగా, ఆ విసుగు కోపంగా మారుతుంది. ల్యాబ్ కూడా బొమ్మ కాదని మరిచిపోవద్దు. మొదటి రెండు మూడేళ్లు అది సోఫా కొరుకుతుంది, చెప్పులు మాయం చేస్తుంది, ప్రేమతో మీద పడి చిన్నపిల్లలను పడేస్తుంది. దానికీ రోజుకు గంట కదలిక కావాలి. కాకపోతే దాని పని ఒక బంతితో, ఒక పిడికెడు గింజలతో, అపార్టుమెంటు కింద ఖాళీ జాగాలో తీరిపోతుంది. షెపర్డ్ పని అంత సులువుగా తీరదు. నా వాదన సారమంతా ఈ తేడాలోనే ఉంది.

ఏది తెచ్చుకున్నా కొన్ని జాగ్రత్తలు ఒక్కటే. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. పిల్లను చూసే ముందు తల్లిని చూడాలి. తల్లి కొత్తవాళ్లను చూసి మూలకు నక్కుతుంటే, లేదా మీదికి వస్తుంటే అక్కడి నుంచి మర్యాదగా వచ్చేయడం మంచిది. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగాలి. అడిగినందుకు నవ్వేవాడి దగ్గర కొనకూడదు. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆపైన వైద్యుడు చెప్పినట్టు బూస్టర్లు వేయించాలి. పిడుదుల మందు మరవకూడదు. వాటి వల్ల వచ్చే జ్వరం మన దగ్గర ఎన్నో కుక్కల ప్రాణాలు తీస్తోంది. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం. ఉడికిన ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది. పసిపిల్లలను ఏ కుక్కతోనూ, అది ఎంత సాధువైనా, పెద్దవాళ్లు లేకుండా వదలకూడదు. పిల్లలను కరిచేది చాలావరకు ఎరిగిన కుక్కే. ఏ కుక్క కరిచినా, గీరినా, గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యం చేయకూడదు.

చివరిగా ఒక్క విన్నపం. పిల్లకు బయానా ఇచ్చే ముందు ఒక నెల రోజులు, కుక్క లేకుండానే, ఇంట్లో ఎవరో ఒకరు పొద్దున ఐదున్నరకు లేచి అరగంట, రాత్రి భోజనాలకు ముందు మరో అరగంట వీధిలో నడవండి. వాన పడ్డ రోజూ, ఊరి నుంచి అలసి వచ్చిన రోజూ, పరీక్షల రోజూ మానకుండా నడవండి. నెల నిండినా ఆ నడక సాగితే ల్యాబ్‌ను తెచ్చుకోండి. అంతకన్నా ఎక్కువ నడవగలిగి, పెద్ద ఆవరణ ఉండి, నేర్పే ఓపిక ఉంటే షెపర్డ్ గురించి ఆలోచించండి. వారానికే నడక ఆగిపోతే, ప్రస్తుతానికి ఏ కుక్కనూ తేవద్దు. నాయనమ్మ అడిగిన ప్రశ్నకు మీ ఇంట్లో ఇంకా జవాబు దొరకలేదన్నమాట.